పొద్దుటి మాత్ర

"కౌంటు బాగుంది, ఇప్పుడే మందు అక్కర్లేదు" అన్న మాట విని సంతోషపడి ఇంటికొచ్చిన వాళ్ళం మేము. విజయనగరంలో ఆసుపత్రి గేటు బయట చెరుకురసం బండి దగ్గర నా మేనల్లుడు నన్ను నిలబెట్టి, నాకొక గ్లాసు ఇప్పించి తను రెండు తాగాడు. అతని ఎడమచేతికి ఇంకా కట్టు ఉంది.

"సూసినావా మావా, నా ఒంట్లో సైనికులు నాలుగొందల పైమాటేనంట. ఆ ఆసుపత్రి కౌన్సిలరమ్మ సెప్పింది. మన పోలీసు టేసన్లో కూడా అంతమంది లేరు," అన్నాడు.

"మెల్లగా మాటాడరా, ఎవులైనా ఇంటారు," అన్నానే గాని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈరోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు ఉందని రక్తపరీక్షలో తేలిన మనిషిని, మందు పక్క గదిలో ఉంచుకుని, నువ్వింకా చాలినంత చెడిపోలేదు, చెడిపోయాక రా అని పంపించే రూలు ఏ దొరలు రాశారో, రాసినవాళ్ళ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందో లేదో నాకు తెలీదు. నేను కలరా చూశాను, మశూచి చూశాను. కలరా వచ్చినవాడితో వాంతులు ఇంకా ముదరలేదు, ముదిరాక తీసుకురండి అని ఆరోజుల్లో ఎవడూ అనలేదు.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. నరసన్నపేటలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటి నుంచి ఇసకలో నడవాలి. చిన్నప్పుడు మా అమ్మ చేపలగంప వెనక నరసన్నపేట వెళ్ళి, కొట్ల మీద బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. తర్వాత పొట్లాం కాయితాలు చదివాను. ఆ తర్వాత టీ కొట్లో పేపరు. అలా చదివినవాడికి ఒక రోగం ఉంటుంది, ఏది రాసి ఉన్నా వదలడు. ఆసుపత్రి గోడల మీద కాయితాలన్నీ చదివాను. జబ్బుల మీద పోరాడే కణాలు చుక్క రక్తంలో ఎన్ని ఉన్నాయో చూస్తారు, దాన్ని సీడీ ఫోర్ కౌంటు అంటారు. మూడొందల యాభై దగ్గర ఒక గీత గీసుకున్నారు. ఆ గీత కిందకి దిగినవాడికే మందు. పైనున్నవాడు ఆరునెలలకోసారి వచ్చి, దిగానా లేదా అని చూపించుకుని పోవాలి.

నా మేనల్లుడు మా అప్ప కొడుకు; మా వైపు అక్కని అప్ప అంటారు. అప్ప ఎప్పుడో పోయింది. అతని పెళ్ళాం నా తమ్ముడి కూతురు. తమ్ముడు ఒక వాయుగుండంలో పడవతో సహా తిరిగి రాలేదు, పిల్లని నేనే పెంచాను. మేనరికం నేనే కుదిర్చాను. కాబట్టి ఈ సంగతిలో తిట్టడానికి నాకు అవతలివైపు వియ్యంకుడు కూడా లేడు. ఇద్దరూ నావాళ్ళే.

శ్రావణం దాటగానే మా ఊరి మగవాళ్ళు గుజరాత్ బోట్ల మీదికి పోతారు. ఎండలు ముదిరాక వస్తారు. మా ఒడ్డున జెట్టీ కడతామన్న మాట నేను నా పెళ్ళినాటి నుంచి వింటున్నాను. ఆ జెట్టీ ఉంటే మా పిల్లలు దేశం అటుచివరి సముద్రానికి పోయి చేపలు పట్టాల్సిన పనిలేదు. అక్కడ ఒక బోటు మీద మోకు లాగే చక్రంలో అతని చెయ్యి నలిగింది. ఇంటికొచ్చి ఆపరేషన్ చేయించుకోబోతే ముందు రక్తం పరీక్ష చేశారు. అలా బయటపడింది. ఎక్కడ తగిలించుకున్నావురా అని నేను అడగలేదు. నెలల తరబడి ఇల్లు లేకుండా బతికేవాణ్ణి ఆ ప్రశ్న అడిగే హక్కు, అతన్ని అలా పంపించిన ఊరికి లేదు. నా తమ్ముడి కూతురు కూడా అడగలేదు. తనకీ పరీక్ష చేశారు, తనకీ ఉంది. తన కౌంటు ఇంకా బాగుందన్నారు.

మందులు దగ్గర్లో శ్రీకాకుళంలోనూ ఇచ్చేవారు. కానీ అక్కడ ఊరివాళ్ళెవరైనా కనబడతారని మేం విజయనగరం వెళ్ళేవాళ్ళం. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చేతి ఆపరేషన్ తాలూకు తిరుగుడు అనుకున్నారు.

ఆరునెలలకి రమ్మన్నారు కదా. ఆరునెలలకి అతను అరేబియా సముద్రం మధ్యలో ఉన్నాడు. కౌంటు బాగున్నవాడు ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? చెయ్యి కూడుకోగానే వెళ్ళిపోయాడు. ఆ ఏడు తోటివాళ్ళు అతన్ని సీజను మధ్యలోనే రైలెక్కించారు. ఆమదాలవలసలో దింపుకుందామని వెళ్తే, పెట్టె పట్టుకుని దిగినవాణ్ణి చూసి వేరే మనిషనుకుని నేను పక్క బోగీలో వెతికాను. దగ్గుతూ అతనే నన్ను పిలిచాడు.

టీబీ. కౌంటు ఎనభై చిల్లర.

డాక్టరు కుర్రవాడు, మంచివాడే. కాయితాలు తిరగేసి, "ఇంత ఆలస్యంగా తెచ్చారేంటి పెద్దాయనా? ముందే రావాల్సింది," అన్నాడు.

"ముందే వచ్చాం బాబూ. బాగుందని మీరే పంపేశారు."

"అప్పుడు రూలు ప్రకారం..."

"ఇప్పుడేమైనా మారిందా?"

అతను తల దించుకుని మందులు రాశాడు. అతన్ని అని లాభం లేదని నాకూ తెలుసు. ఎవణ్ణి అంటే లాభమో ఆ మనిషి నాకు ఈ జన్మలో ఎదురుపడలేదు.

ముందు టీబీ మందు, కొన్నాళ్ళకి దానితో పాటు ఈ మందు. చివరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున మాత్రలు మిగిలాయి. జీవితాంతం ఆపకూడదన్నారు. ఇక ఇంట్లో మా ముసల్ది మొదలుపెట్టింది. మా వైపు ఏ మందు మింగినా పథ్యం ఉంటుంది. పసరు మందు తాగినా పథ్యమే, సూది వేయించుకున్నా పథ్యమే. చేప ముట్టకూడదు, గుడ్డు ముట్టకూడదు, వంకాయ ఆ వీధిలోకే రాకూడదు. కరిగిపోయిన మనిషికి చారు, అన్నం పెట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు ఆణ్ణి పత్యంతోనే సంపేస్తావే," అన్నాను.

"నువ్వు పేపర్లు సదివితే సాలు, వంటింట్లోకి రాకు. పత్యం లేని మందు ఒంటికి పడతాదేటి?"

"డాక్టరు సేపలు పెట్టమన్నాడు!"

"ఆ డాక్టరు ఏ ఊరోడు? సేపల గుణం ఆడికేటి తెలుసు?"

అల్లుడు మంచం మీద నుంచి, "అత్తా, మావా, మీరిద్దరూ తేల్సుకునేలోగా నాను సచ్చిపోతాను గాని, ఆ రొయ్యపొట్టు ఏపుడు ఇలాగ పడేయండి," అన్నాడు. ముసల్ది మూతి తిప్పుకుంటూనే పెట్టింది. నా తమ్ముడి కూతురు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం తర్వాత నాకు గుర్తులేదు.

ఇక్కడ మా ఒడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. పడవ దిగాక అమ్మే చేపలు వేరు, కూరచేప వేరు. కూరచేప పడవ మనుషులందరికీ ఇసక మీద కుప్పలు పోస్తారు. పడవెక్కినవాడికీ కుప్పే, జొరంతో ఇంట్లో పడుకున్నవాడికీ కుప్పే, సముద్రంలో పోయినవాడి ఇంటికీ కుప్పే. పంచినవాడు మిగతావాళ్ళంతా ఏరుకున్నాక ఆఖరి కుప్ప తీసుకోవాలి. నా తమ్ముడు పోయాక ఈ పిల్ల పెరిగింది ఆ కుప్పల మీదే. అల్లుడు మంచాన ఉన్నన్నాళ్ళూ కూడా పొద్దున్నే ఎవరో ఒకరు అరటాకు ముక్కలో చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, పిలవకుండా పోయేవారు. పిలిస్తే ఇచ్చినట్టు అవుతుంది. అది ఇవ్వడం కాదు, వాటా.

ఒళ్ళు తేరుకుంది. కౌంటు రెండొందలు దాటింది. అంతే, శ్రావణం రాగానే అతని చూపు రైలు వైపు తిరిగింది.

"ఈ ఏడు ఎల్లకు," అంది పెళ్ళాం.

"ఎల్లకపోతే ఊరోల్లు అడగరేటి? మందేసుకుంటే బాగుంటానని డాట్రే సెప్పినాడు కదా."

"అక్కడ మందెవులిస్తారు?"

దానికి ఆసుపత్రివాళ్ళు ఒక దారి చెప్పారు. అక్కడి ఆసుపత్రికి కాయితం రాసిస్తాం, అక్కడ తీసుకో అన్నారు. అతను వద్దన్నాడు. బోటు ఒడ్డుకి వచ్చేది ఎప్పుడో తెలీదు, వచ్చినప్పుడు అందరూ కలిసి తిరుగుతారు, ఒక్కడూ విడిపోయి ఆసుపత్రికి పోతే ఎందుకని అడుగుతారు. చివరికి కొన్నాళ్ళకి సరిపడా డబ్బాలు పట్టుకెళ్ళాడు. మిగతావి మేం ఆసుపత్రిలో బతిమాలి తెచ్చి, ఊరి నుంచి అటు వెళ్ళేవాళ్ళతో కారప్పొడి మూటలో దాచి పంపాం. నా తమ్ముడి కూతురు విజయనగరం బస్సు ఎక్కడం ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. వర్షాలకి చీపురుపల్లి దగ్గర రోడ్డు మునిగిన రోజున కూడా వెళ్ళింది.

అయినా అతను మళ్ళీ సీజను మధ్యలోనే తిరిగొచ్చాడు. ఈసారి నోటినిండా తెల్లటి పుళ్ళు. అన్నం దిగదు, దిగినది నిలవదు.

కౌంటు ముప్పైకి పడిపోయింది.

డాక్టరు అడిగాడు: "మందులు మానేశావా?"

"లేదండి."

"మధ్యలో ఆపావా? నిజం చెప్పు."

"ఒక్కరోజు కూడా ఆపలేదండి."

డాక్టరు మా వైపు చూశాడు. నాకు కోపం వచ్చింది. "మేం మందు తప్పకుండా పంపుతూనే ఉన్నాం బాబూ. మా పిల్ల బస్సుల్లో నలిగి నలిగి తెచ్చింది. మీ మందులోనే సత్తువ లేదేమో చూసుకోండి," అన్నాను. అతను రక్తం తీసి, ఒంట్లో పురుగు ఎంత పెరిగిందో కొలిచే పరీక్షకి వేరే ఊరు పంపాడు. ఈ మందు పనిచెయ్యట్లేదని దానిలో తేలితే, విశాఖలో పెద్దవాళ్ళు కూర్చుని కాయితాలు చూసి రెండోరకం మందు ఇస్తారట.

వార్డులో మంచం ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం పెళ్ళాం కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అతను నా చెయ్యి లాగాడు.

"మావా, తిట్టనంటే ఒకటి సెప్తాను."

"తిడతాను. సెప్పు."

"మందుకి వాటా యేశాను."

నాకు ముందు అర్థం కాలేదు. అప్పుడు మెల్లగా, నోటి పుళ్ళ మధ్య నుంచి చెప్పాడు. బోటు మీద అతని పక్కన వల లాగేవాడు ఒకడున్నాడు. మా ఒడ్డు వాడే, ఇటు పైన ఇంకో ఊరు. కిందటి ఏడు మావాడు దగ్గుతూ పడుకుంటే మావాడి పని కూడా వాడే చేశాడు. బోటు పెద్దకి చెప్పకుండా, మావాడి పేరు పోకుండా చేశాడు. ఈ ఏడు వాడికీ నోట్లో పుళ్ళు మొదలయ్యాయి. కారప్పొడి మూటలో డబ్బా చూసి వాడే అడిగాడట, "నీకూ అదేనేటి?" అని. వాడికీ జబ్బు ఉందని ఎప్పుడో తెలుసు. వాడికీ ఏదో ఆసుపత్రిలో కౌంటు బాగుంది, తర్వాత రా అన్నారు. వాడు మళ్ళీ వెళ్ళలేదు.

"పొద్దుటి మాత్ర ఆడికి, సాయంత్రంది నాకు. మొదట ఆడే తీసుకునీవోడు మావా. పంచినోణ్ణి నాను కదా, ఆకర్న తీసుకోవాలి."

నేను తిడతానని చెప్పినవాణ్ణి. ఏమని తిట్టను? నోట్లోకి పోయేది ఎదురుగా ఆకలితో ఉన్నవాడికి పెట్టకుండా ఒక్కడివే తినరా అని మా వంశంలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నేనూ నేర్పలేదు. కౌన్సిలరమ్మ గంటసేపు చెప్పేది: మానకూడదు, మరవకూడదు, తాగకూడదు. ఎవరికీ పెట్టకూడదు అని ఆమె చెప్పలేదు. మందుని కూరచేపలా పంచుకునే మనుషులు ఉంటారని ఆమెకి ఎలా తోస్తుంది?

"ఆకర్న వచ్చీటప్పుడు మిగిలిన డబ్బా ఆడికే ఒగ్గేసి వచ్చినాను," అన్నాడు.

డాక్టరుకి నేనే చెప్పాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. సగం మందు వేసుకుంటే పురుగు చావదు. రోజూ కాస్త కాస్త రుచి చూసి ఆ మందుకి అలవాటు పడిపోతుంది. ఆ తర్వాత మొత్తం వేసినా దాన్ని లెక్కచెయ్యదు.

"ఇద్దరికీనా?" అన్నాను.

"ఇద్దరికీ."

ఆ మాట నేను వార్డులోకి తీసుకెళ్ళి చెప్పాను. దాచే ఓపిక నాకు లేదు. అతను, "అయితే మావా, ఆడికి ఫోను సెయ్యి. సగం ఏసుకోవద్దని సెప్పు. అక్కడే ఆసుపత్రికి పొమ్మను," అన్నాడు. తన సంగతి అడగలేదు. ఆ రోజు నుంచి వార్డులో రెండు మాత్రలూ మింగాడు. పొద్దుటిది చేతిలో పెట్టుకుని, "ఇప్పుడు పొద్దుటిది కూడా నాదే," అనేవాడు. అది నవ్వులాటకి అన్న మాటో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఫోను చేశాను. బోటు ఒడ్డున ఉన్న పూట దొరికింది. ఫోను బోటు పెద్దది, అందరూ చుట్టూ ఉన్నారు, లౌడు స్పీకరు. జబ్బు పేరు ఎత్తడానికి లేదు.

"ఒరే బాబూ, నాను మీ నేస్తం మావని. ఆడొక మాట సెప్పమన్నాడు. సగం మందు పనికిరాదంట. ఒగ్గేసి, అక్కడ ఆసుపత్రికి ఎల్లమన్నాడు."

అటునుంచి ఇంకెవడో గొంతు: "సగం మందేటి మావా! ఈ గుజరాత్లో మాకు కోటరు దొరకడమే గగనం!" ఘొల్లుమని నవ్వులు. ఆ నవ్వుల మధ్య వాడి గొంతు వినిపించింది. "ఏ మందు బాబూ? నాకేటీ తెలీదు. ఆడెలగున్నాడు?"

"బాగానే ఉన్నాడు," అన్నాను. ఇంకేమంటాను?

బాగాలేడు. పరీక్షకి పంపిన రక్తం ఎక్కడ తిరిగిందో, ఏ బల్ల మీద ఆగిందో. రోజూ అడిగేవాణ్ణి. "పైనుంచి రావాలి పెద్దాయనా" అనేవారు. ఆ పైన ఎవరున్నారో చూద్దామని నాకు ఎంత ఉండేదో. ఒకరోజు తెల్లారేసరికి నర్సు వచ్చి మంచం చుట్టూ గుడ్డ తెర లాగింది. నా తమ్ముడి కూతురి అరచేతిలో అప్పుడే డబ్బాలోంచి తీసిన మాత్ర ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలీక ఆ పిల్ల మధ్యాహ్నం దాకా గుప్పిట్లోనే పట్టుకుంది.

పెద్దకర్మ అయ్యాక ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రిపోర్టు వచ్చిందట. పేషంటుని తీసుకుని వెంటనే రమ్మన్నారు.

అతను పోయిన రోజున, ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చిన బండివాడు ఊరి మొదట్లో టీ తాగుతూ ఏం వాగాడో, మా ఇంటికి చేరేసరికి జబ్బు పేరు ఊరంతా పాకింది. పాడె పట్టడానికి మనుషులు దొరకలేదు. ఇసక మీద కుప్పల దగ్గర నలభైమంది నిలబడే ఊరు అది. చివరికి నేనూ, ఇంకో ఇద్దరు ముసలాళ్ళూ, ఆ బండివాడూ పట్టాం. బండివాడి చేతులకి ప్లాస్టిక్ తొడుగులున్నాయి. నేను ఊరిని నడివీధిలో నిలబడి తిట్టాను. ఎవరి పుట్టుపూర్వోత్తరాలు వాళ్ళకి వినిపించాను. ఎవరెవరి మగవాళ్ళు ఏయే రేవుల్లో తిరిగారో నాకు తెలుసు. అందరూ తలుపులు వేసుకున్నారు.

మర్నాటి నుంచి గుమ్మంలో కుప్ప ఆగిపోయింది. పోయినవాడి ఇంటికి వాటా ఆగడం ఆ ఒడ్డున నా ఎరుకలో లేదు. నా తమ్ముడి కూతురు కొన్నాళ్ళు పొద్దున్నే తలుపు తీసి చూసేది. తర్వాత చూడడం మానేసింది.

మావాడితో మాత్రలు పంచుకున్న ఆ రెండోవాడు వేసవిలో మా ఇంటికి వచ్చాడు. నడవలేక, ఆటో ఆగిన చోటి నుంచి ఆటోవాడి భుజం పట్టుకుని వచ్చాడు. వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. "నానే తినేశాను బాబూ ఆణ్ణి," అన్నాడు. రేపే నాతో విజయనగరం రా అన్నాను. వస్తానన్నాడు. బస్టాండులో ఎండెక్కేదాకా చూశాను, రాలేదు. శ్రావణం దాటాక మళ్ళీ రైలెక్కాడని, అక్కడే పోయాడని తర్వాత విన్నాను. వాడి ఊళ్ళో పాడె ఎవరు పట్టారో నాకు తెలీదు.

ఇక మిగిలింది ఆ పిల్ల. ప్రతి ఆరునెలలకీ విజయనగరం తీసుకెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ కౌంటు కొంచెం దిగేది, గీతకి పైనే ఉండేది. ప్రతిసారీ బాగుందనేవారు. దిగుతున్నది చూస్తూ బాగుందనడం ఏం లెక్కో నాకు బోధపడలేదు. ఇంటి దగ్గర, వార్డులో మొగుడు వాడగా మిగిలిన సగం డబ్బా ఉండిపోయింది. ఒకరోజు దాన్ని చేతిలో తిప్పుతూ అడిగింది: "పెదనానా, ఇవి నానేసుకోవచ్చేటి?"

"వద్దే. ఆడి దగ్గర ఓడిపోయిన మందు అది."

ఆ డబ్బా తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చేశాను.

తర్వాత గీత పైకి జరిపారు, ఆ పిల్ల ఆ గీతకీ కొంచెం పైనే ఉంది. ఇంకొన్నాళ్ళకి గీతే తీసేశారు. పరీక్షలో తేలిన రోజునే మందు, కౌంటు ఎంతున్నా సరే అని గోడ మీద కొత్త కాయితం అంటించారు. ఆ కాయితం ముందు నిలబడి మూడుసార్లు చదివాను. అదే ఆసుపత్రి, అదే గది, అదే బీరువా. అప్పుడు చెరుకురసం తాగిన రోజున ఈ కాయితం గోడ మీద ఉంటే మావాడు ఈ పాటికి నాతో దెబ్బలాడుతూ ఉండేవాడు. తప్పు జరిగిందని మాత్రం ఆ కాయితం మీద ఎక్కడా లేదు.

డాక్టరు మారాడు. ఈయన ఆ పిల్లకి డబ్బా ఇస్తూ, ఇప్పుడు రోజుకి ఒక్కటే మాత్ర, రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలన్నాడు. మీ ఆయన ఒంట్లో మందుకి అలవాటు పడిన పురుగే మీ ఒంట్లోకీ వచ్చి ఉంటే ఇది ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి, ఒక్కరోజు కూడా తప్పకూడదు అన్నాడు. ఆ పిల్ల తలూపింది. అప్పటికి ఆమె ముఖంలో ఎముకలు తేలాయి.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం పెరటివైపు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. మా ఊరిదే. ఆమె మొగుడికి సొంత పడవ ఉంది, గుమ్మంలో కుప్ప ఆపించినవాళ్ళలో మొదటివాడు. వాడి కొడుకు గుజరాత్ నుంచి సగంలో దిగాడట. నోట్లో పుళ్ళట.

"ఒసే అమ్మా, నీ దగ్గర ఆ బిల్లలున్నాయంట కదా. కాసిన్ని ఈయే. గుంటడికి ఏసి సూస్తాను," అంది.

నేను అరుగు మీద ఉన్నాను. "ఆసుపత్రికి తీసుకురా. ఇప్పుడు ఎల్లిన రోజే ఇస్తన్నారు. నాను కూడా వస్తాను," అన్నాను.

"అమ్మో, బస్సులో ఎవులైనా సూస్తే? నీకు తెల్దేటి బావా, ఈ ఊరు ఎలాంటిదో."

"ఎందుకు తెల్దు? నా భుజానికి తెలుసు. పాడె బరువెంతో అది సెప్తాది."

ఆమె తల దించుకుంది, కానీ కదల్లేదు. నా తమ్ముడి కూతురు గుమ్మంలో నిలబడి నా ముఖంలోకి చూసింది. ఉన్నదాన్ని లేదని చెప్పడం మా ఒడ్డున ఎవరికీ అలవాటు లేని పని.

"లేవని సెప్పవే," అన్నాను.

"లేవమ్మా," అంది ఆ పిల్ల. అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో అరటాకులో కుప్ప ఉంది. మంచి చేపలు, ఆ పడవ మీద పడినవాటిలో పెద్దవి. ఇన్నేళ్ళకి. ఎవరూ పిలవలేదు.

"పెదనానా, ఇది వాటానా, అడగడమా?" అంది.

ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు. ఎండకి కళ్ళు తెల్లబడేదాకా అక్కడే ఉన్నాయి. సాయంత్రం తీసుకెళ్ళి ఇసకలో పూడ్చాను. అన్నం తిన్నాక ఎదురుగా కూర్చుని, మాత్ర మింగేదాకా చూశాను. నేను అడక్కుండానే నోరు తెరిచి చూపించింది.

తెల్లారి మళ్ళీ కుప్ప ఉంది.